పల్లె వైద్యంలోకి ఆడవాళ్లు వచ్చిన దారి

డాక్టర్ అన్నా సారా కూగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు చేరేనాటికి ఆమె దగ్గర వైద్య పట్టా ఉంది, వైద్యం చేసే కొలువు లేదు. లూథరన్ మిషన్ ఆమెను పంపింది ఇళ్లలోని ఆడవాళ్ల మధ్య పనిచేయడానికి. రెండేళ్లు గడిచాక గానీ మెడికల్ మిషనరీగా నియమించలేదు. 1898లో ఆసుపత్రి తెరుచుకుంది. అప్పటి మిషన్ ఆసుపత్రులన్నిటికీ ఒకటే కొరత. డాక్టరమ్మ ఎక్కడినుంచైనా వస్తుంది, కట్లు మార్చి, పక్క దులిపి, తెల్లవార్లూ రోగి దగ్గర కూర్చునే మనిషి మాత్రం ఇక్కడే దొరకాలి.

రక్తం, పురుడు మైల అనుకునే ఇళ్ల ఆడపిల్లలు ఆ పనికి రాలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవం పుచ్చుకున్న మాల, మాదిగ కుటుంబాల అమ్మాయిలు, ఆసరా లేని వితంతువులు. బోర్డింగు బడిలో నేర్చిన చదువే వాళ్లకు పెట్టుబడి. జీతం తీసుకుని రోగులకు సేవ చేయడాన్ని తెలుగునాట ఒక వృత్తిగా నిలబెట్టింది వాళ్లే. కూగ్లర్ పేరు గుంటూరులో ఆసుపత్రికి నిలిచింది. ఆమె పక్కన నిలబడి పనిచేసిన తెలుగు అమ్మాయిల పేర్లు మన చరిత్ర పుస్తకాలకు ఇంకా ఎక్కలేదు. అది తీర్చాల్సిన బాకీ.

ఊళ్లల్లో పురుళ్లు పోసింది మంత్రసానులు. చాలాచోట్ల మంగలి ఇంటి ఆడవాళ్లకు అది తరతరాల పని. వాళ్లకు శుభ్రత నేర్పాలని 1903లో లేడీ కర్జన్ విక్టోరియా రాణి పేరిట ఒక నిధి పెట్టించింది. శిక్షణ పొందిన మంత్రసాని మళ్లీ అదే ఊళ్లో, అదే చాటెడు గింజలకు, అదే పాత చీరకు పనిచేయాల్సి వస్తే నేర్చినదాని మీద ఎంతకాలం శ్రద్ధ ఉంటుంది? 1926లో మద్రాసు ప్రభుత్వం నర్సులు, మంత్రసానుల చట్టం తెచ్చింది. పరీక్ష ప్యాసై రిజిస్టరులో పేరు ఎక్కితే వృత్తికి గౌరవం వచ్చింది. బడి మొహం చూడని వాళ్లకు ఆ రిజిస్టరు అందలేదు.

ఫలితం 1946లో, దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించిన భోర్ కమిటీ నివేదికలో కనిపిస్తుంది. బ్రిటిష్ ఇండియాలో 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు, 60,000 మందికి ఒక మిడ్‌వైఫ్ ఉన్నారని ఆ కమిటీ లెక్కగట్టింది. నర్సుల కంటే డాక్టర్లే ఎన్నో రెట్లు ఎక్కువ. ఏ ఆసుపత్రి వార్డును తలచుకున్నా అది తలకిందుల లెక్క.

ఈ కొరతను అందరికంటే తెలివిగా అర్థం చేసుకున్నది దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని నా నమ్మకం. రాజమండ్రిలో 1909లో పుట్టిన ఆమెకు చిన్నప్పుడే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆమె ఆ పెళ్లిని కాదనుకుంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లింది, బయటికొచ్చాక చదువు మళ్లీ మొదలుపెట్టింది. బడికెళ్లే వయసు దాటిపోయింది కనుక బనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టింది. తనలాగే ఆగిపోయిన ఆడపిల్లలను మద్రాసులో తన దగ్గర కూర్చోబెట్టుకుని అదే పరీక్షకు తయారుచేసింది. 1930ల చివర ఆంధ్ర మహిళా సభ పెరిగింది ఆ తరగతుల చుట్టూనే.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడి, ఆమె తొలి అధ్యక్షురాలయింది. పల్లెల్లో సంక్షేమ కేంద్రాలకు గ్రామసేవికలు, బాలసేవికలు, మిడ్‌వైఫ్‌లు కావాలి. ఆ శిక్షణకు వెళ్లాలంటే చదువు సర్టిఫికెట్టు కావాలి. అది ఉన్న పట్నం అమ్మాయి పల్లెలో ఉండదు. పల్లెలో ఉన్న వితంతువుకు, మొగుడు వదిలేసిన మనిషికి ఆ పని కావాలి, సర్టిఫికెట్టు లేదు. దుర్గాబాయి అర్హత తగ్గించమనలేదు. ఆ అర్హతను పెద్దవాళ్లు అందుకునే తోవ వేసింది. వయోజన స్త్రీలకు రెండేళ్లలో పరీక్ష ప్యాసయ్యేలా సంక్షిప్త కోర్సులు 1958లో మొదలయ్యాయి. కష్టంలో ఉన్న ఆడమనిషికి జాలి చూపి కుట్టుమిషను ఇచ్చి ఊరుకునే కాలంలో, నీకు పరీక్ష రాసే శక్తి ఉందని చెప్పడం ఎంత పెద్ద మాటో! స్వయంగా ఆ దారిన నడిచిన మనిషి కాబట్టే ఆమెకు అది తట్టింది.

తర్వాతి దశాబ్దాల్లో ప్రభుత్వం ఊరిదాకా వచ్చింది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ మలేరియాకు ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు కాకుండా అన్నీ చూసే ఆరోగ్య కార్యకర్తలు ఉండాలంది. సబ్‌సెంటరులోని ఏఎన్ఎమ్, ఊరి నోట నర్సమ్మ, ఆ బాధ్యత నెత్తికెత్తుకుంది. మన ఇంటర్మీడియట్ ఒకేషనల్‌లో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు వచ్చాక పది ప్యాసైన పల్లె పిల్లలకు ఇంకో తోవ దొరికింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు అంతకుముందు మనకు లేని ఒక కొలువును, దారిలోనే రోగిని చూసుకునే టెక్నీషియన్ కొలువును, పుట్టించింది.

అన్నిటికంటే పెద్ద ద్వారాలు రెండు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో అంగన్‌వాడీలు, 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు. ఊరివాళ్లే, కొద్దిపాటి చదువుతోనే, ఇల్లు వదలకుండా సేవలోకి రాగలిగారు. ఆశాలకు మొదట్లో ఎనిమిదో తరగతి చాలన్నారు. అంతమంది ఆడవాళ్లను ఒక్కసారిగా ఆరోగ్య రంగంలోకి తెచ్చిన ఏర్పాటు అంతకుముందు లేదు.

అయితే ఆ ద్వారం దాటాక మెట్లు కట్టలేదు. అంగన్‌వాడీ టీచరుకు గౌరవ వేతనం, ఆశాకు పారితోషికం, ఇద్దరూ ఉద్యోగుల లెక్కలో లేరు. అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ పదవి కాదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని 2022 ఏప్రిల్‌లో అదే కోర్టు తీర్పిచ్చింది. ఆ మరుసటి నెలే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలను సత్కరించింది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగి, ప్రభుత్వం సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా వెనక్కి తగ్గకుండా 42 రోజులు నిలబడ్డారు. జీతం, గ్రాట్యుటీ వాళ్ల ముఖ్యమైన కోరికలు.

జీతం సంగతి అలా ఉంచి, చదువు సంగతి చూద్దాం. ఏఎన్ఎమ్ కోర్సుకు ఇప్పుడు ఇంటర్ ప్యాసవ్వాలి, వయసు 35 దాటకూడదు. ఎనిమిదో తరగతితో ఇరవై అయిదేళ్లకు ఆశాగా చేరిన మనిషి, పదిహేనేళ్లపాటు గర్భిణులను ఆసుపత్రికి నడిపించి, పసిపిల్లల టీకాల తేదీలు నోటికి చెప్పగలిగే స్థితికి వచ్చేసరికి, ఆ రెండు నిబంధనలూ ఆమెకు అడ్డం నిలుస్తాయి. ఆమె కావలసినంత పని నేర్చుకుంది. ఆమెకు లేనిది ఇంటర్ దాకా చదువు, అది పూర్తయ్యేదాకా ఇల్లు గడిచే భృతి, వయసులో సడలింపు. 1958లో ఇటువంటి ఏర్పాటు సాధ్యమైంది. ఇప్పుడు చాలా మండలాల్లో జూనియర్ కాలేజీ, ఇంటర్ దాకా ఓపెన్ స్కూలు ఉన్న రోజుల్లో ఆశా కార్యకర్తను నర్సమ్మను చేసే కోర్సు రెండు తెలుగు రాష్ట్రాలూ పెట్టగలవు, పెట్టాలి.