నగరాల్లో ఇంధన ప్రణాళిక: పురపాలక సంస్థల పాత్ర

వీధి దీపాలు వెలగడానికి, కుళాయిలకు నీరు చేరడానికి విద్యుత్తు అత్యవసరం. అయితే దేశంలోని అత్యధిక నగరాలలో విద్యుత్ పంపిణీ పురపాలక సంస్థల అధీనంలో లేదు. విద్యుత్ చట్టం, 2003 ప్రకారం లైసెన్సు పొందిన పంపిణీ సంస్థలు ఈ బాధ్యతను నిర్వహిస్తుండగా, చార్జీలను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. ముంబయిలోని బెస్ట్ సంస్థ, కేరళలోని త్రిసూర్ నగరపాలక సంస్థ విద్యుత్ విభాగం ఇందుకు మినహాయింపులు.

రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు సూచించిన 18 అంశాలలో వీధి దీపాలు, నీటి సరఫరా, భవన నిర్మాణ నియంత్రణ ఉన్నాయి. విద్యుత్ పంపిణీ లేదు. కనుక నగరాల ఇంధన ప్రణాళిక ప్రధానంగా ఈ మూడు అంశాలపై ఆధారపడి ఉంటుంది.

సౌర నగరాల పథకం

11వ పంచవర్ష ప్రణాళిక కాలంలో కేంద్ర ప్రభుత్వం 60 నగరాలను సౌర నగరాలుగా తీర్చిదిద్దే పథకాన్ని చేపట్టింది. ఆంధ్రప్రదేశ్ నుంచి విజయవాడకు ఇందులో చోటు లభించింది. సంప్రదాయ ఇంధనాల అంచనా డిమాండును ఐదేళ్లలో కనీసం 10 శాతం తగ్గించడం పథకం లక్ష్యం. ఒక్కో నగరానికి గరిష్ఠంగా రూ.50 లక్షల సాయం నిర్దేశించారు. గృహ, వాణిజ్య, పారిశ్రామిక, పురపాలక రంగాల వినియోగాన్ని లెక్కించి బృహత్ ప్రణాళిక రూపొందించడం, అమలుకు ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పడం ఇందులో ముఖ్యాంశాలు.

విశాఖ అనుభవం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో విద్యుత్ వ్యవస్థను ఛిన్నాభిన్నం చేసింది. అనంతరం నగరంలో సుమారు 91 వేల వీధి దీపాల స్థానంలో ఎల్ఈడీ దీపాలను అమర్చారు. ఇందుకు కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల భాగస్వామ్యంతో ఏర్పడిన ఈఈఎస్ఎల్ పెట్టుబడి సమకూర్చగా, విద్యుత్ బిల్లులో ఆదా అయ్యే మొత్తం నుంచి నగరపాలక సంస్థ దానిని వాయిదాలలో తిరిగి చెల్లించే విధానాన్ని అనుసరించారు.

భవన నిబంధనలు

భవన నిర్మాణ అనుమతులు మరొక సాధనం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014లో ఇంధన పొదుపు భవన నియమావళిని జారీ చేసింది. పెద్ద వాణిజ్య భవనాల గోడలు, పైకప్పులు, దీపాలు, శీతలీకరణ వ్యవస్థలకు ఇది ప్రమాణాలను నిర్దేశిస్తుంది. భవనం ఒకసారి నిర్మితమైతే దశాబ్దాలపాటు దాని వినియోగం దాదాపు ఖరారైనట్లే. కనుక అనుమతి దశలోనే తనిఖీ కీలకం.

మీటరుతోనే ఆరంభం

ఈ చర్యలన్నింటికీ వాస్తవ వినియోగ లెక్కలే పునాది. ప్రతి వీధి దీపాల సర్క్యూటుకు, ప్రతి నీటి పంపుకు మీటరు లేనిదే ఆదాను నిర్ధారించడం సాధ్యం కాదు. బిల్లులో మిగిలే ప్రతి రూపాయీ తాగునీరు, పారిశుద్ధ్యం వంటి పౌర సేవలకు అందుబాటులోకి వస్తుంది.