గాజు రెయిలింగ్‌కు గట్టిదనం ఒక్కటే చాలదు

మాదాపూర్: 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఈ ప్రాంతంలో అద్దాల భవనాలు సర్వసాధారణం. ఇళ్లలో, కార్యాలయాల్లో బాల్కనీలకు, మెట్లకు గాజు రెయిలింగ్ అమర్చుకునేవారు ఈ జాగ్రత్తలు పాటించాలి.

* మామూలు అద్దం వాడరాదు. టఫెన్డ్ గాజు దానికంటే గట్టిదే అయినా, పగిలితే ముక్కలై మొత్తం రాలిపోతుంది. అంచున అడ్డు మిగలదు.

* రెండు టఫెన్డ్ పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ గాజు ఎంచుకోవాలి. పగిలినా ముక్కలు పొరను అంటిపెట్టుకుంటాయి. రెండు పలకలూ పగిలితే వాలిపోయే ప్రమాదం ఉన్నందున పైన స్టీలు కమ్మీ తప్పనిసరిగా బిగించాలి.

* 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం బాల్కనీ రెయిలింగ్ ఎత్తు నేల నుంచి 1 మీటరుకు తగ్గరాదు.

* రంధ్రాలు ఫ్యాక్టరీలోనే వేయించాలి. టఫెన్డ్ పలకకు తర్వాత డ్రిల్లింగ్ చేస్తే పగిలిపోతుంది.

* గాజుకు, లోహానికి మధ్య రబ్బరు ఉండాలి. పలకపై ఐఎస్ 2553 ముద్రను పరిశీలించాలి.

అంచులు పెచ్చులూడినా, క్లాంపులు వదులైనా వెంటనే మరమ్మతు చేయించాలి.