కొండెక్కే బండి



పోయిన కూటములో బండి సంగతి తేలలేదు. కొండమీద తోటల్లో ఉండే మన పిల్లలను హాస్టలుకు దించడానికి, జబ్బుపడినవాళ్ళను, కానుపుకు వచ్చినవాళ్ళను కిందికి తేవడానికి సంఘం తరఫున ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనాలని అందరమూ ఒప్పుకున్నాము. ఏ బండి అనే దగ్గరే రెండు పక్షాలైనాము. మన చిన్నవాళ్ళు కొందరు, కొత్త పనిబండి కొనే డబ్బుకే పాతదైనా పెద్ద విలాసపు బండి వస్తుంది, పెండ్లిళ్ళకూ పనికివస్తుంది, సంఘానికి మర్యాద అన్నారు. మా వయసువాళ్ళు, అదేమీ వొద్దు, వెనక రెండు బెంచీలు వేసిన జీపు చాలును అన్నారు. మేము ఆ రోజు నోరు తెరవలేదు. రైల్వేలో గుమాస్తాగా ఉండి, అందులో కొన్ని ఏండ్లు బోడినాయకనూరు గూడ్సు ఆఫీసులో కూర్చున్నవాళ్ళము గనుక మాకు తెలిసిన చరిత్ర రాస్తే ఎవరికైనా ఉపయోగపడుతుందేమో అని ఇది రాస్తున్నాము. మాది తమిళ బడి చదువు. తెలుగు అక్షరాలు మా అవ్వ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

బోడికి రైలు వచ్చింది 1928లో. అంతకు ముందే కొండమీద రైలు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మూణారు నుంచి టాప్ స్టేషన్ దాకా 1902లో ఒకే పట్టా మీద నడిచే బండి వేశారు, దానిని ఎద్దులు లాగేవి. 1908లో దాన్ని తీసి చిన్న గేజ్ రైలు చేశారు. టీ పెట్టెలు టాప్ స్టేషన్‌లో తాడుకు ఎక్కించితే గాలిలో వేలాడుతూ కింద కొట్టగుడికి దిగేవి. అక్కడినుంచి ఎద్దుబండ్ల మీద బోడికి. 1924 జూలై వానలకు ఆ కొండ రైలు కొట్టుకుపోయింది. మలయాళం వాళ్ళు ఇప్పటికీ దాన్ని 99 వరద అంటారు, అది వాళ్ళ 1099వ సంవత్సరం గనుక. రైలు మళ్ళీ కట్టలేదు. తాళ్ళ కాలమూ తర్వాత పోయింది. కాబట్టి కొండకు, మా స్టేషన్‌కు మధ్య మిగిలింది మనిషి తల, కంచరగాడిద వీపు. ఆ తర్వాత జీపు.

జీపు మన కొండల కోసం పుట్టింది కాదు. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి బండి ఒకటి కావాలని 135 కంపెనీలకు రాసింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల్లో నమూనా చేసి ఇచ్చింది. పెద్ద ఎత్తున తయారుచేసే స్తోమత దానికి లేదని పనిని విల్లీస్‌కు, ఫోర్డుకు ఇచ్చారు. యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా బండ్లు తయారైనాయి. సుమారు 1,100 కిలోల బరువు, 60 గుర్రపు శక్తి ఇంజను. తలుపులు లేవు. సీటు అంటే గోనె మీద గోనె వేసినట్టు ఉంటుంది. అయినా గుర్రం పోలేని చోటికి పోయింది.

ఎందుకు పోగలిగిందో మా రైల్వే భాషలో చెపుతాము. మామూలు కారులో రెండు చక్రాలే లాగుతాయి, మిగతా రెండూ ఊరికే వెంట వస్తాయి. ఆ రెండు చక్రాల కింద బురద వచ్చిందంటే అవి ఉన్నచోటే తిరుగుతాయి, బండి కదలదు. మా మీటర్ గేజ్ లైనులో వైడీఎం-4 డీజిల్ ఇంజను చూసినవాళ్ళకు తెలుసు, దానికి ఆరు ఇరుసులు, ఆరింటికీ మోటార్లు, 12 చక్రాలూ లాగేవే. ఏ చక్రమూ ఊరక కూర్చుని బరువు వేయదు. ఫోర్ వీల్ డ్రైవ్ కూడా అదే సూత్రం. జీపులో దానికి తోడు ఇంకో చిన్న గేరు పెట్టె ఉంటుంది. అందులో కింది గేరు వేస్తే బండి నడిచే మనిషికన్నా నిదానంగా, కానీ మొండిగా ఎక్కుతుంది. దిగేటప్పుడు బ్రేకు తొక్కనక్కరలేదు, ఇంజనే పట్టి ఉంచుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద అవసరం వస్తుంది.

మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అని ఉక్కు వ్యాపారం కంపెనీ పెట్టారు. అందులోని గులాం మొహమ్మద్ దేశ విభజనతో పాకిస్తాన్‌కు పోయి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయినాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ జీపు భాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం ఆ 1940లలోనే మొదలైంది. అదే కాలంలో కాశ్మీరు యుద్ధానికని లండన్‌లోని మన హైకమిషనర్ కృష్ణ మీనన్ 2,000 పాత జీపులు కొనడానికి ఒప్పందం చేస్తే, చేరినవి 155 అనీ, అవి కూడా పనికిరాకుండా ఉన్నాయనీ పెద్ద రగడ అయింది. స్వతంత్ర భారతంలో మొదటి కుంభకోణం అని దానినే చెపుతారు. పాత బండి చవకగా వస్తుందని తొందరపడేవాళ్ళు ఆ కథను ఒకసారి తలచుకుంటే మంచిది. ఇది వేళాకోళానికే అన్నాము, ఎవరూ మనసులో పెట్టుకోవద్దు.

మేము బోడిలో ఉన్నప్పుడు పొద్దున నాలుగు గంటలకే జీపులు బయలుదేరేవి. బోడిమెట్టుకు 17 మలుపులు. అటు కంబంమెట్టు, కుమిళి దారుల్లోనూ ఇదే. మన పక్క ఊళ్ళ ఆడవాళ్ళు ఏలక్కాయ తోటల పనికి ఒక్కో జీపులో ఇరికించుకొని పోయేవాళ్ళు, ఇప్పటికీ పోతున్నారు. పక్క బెంచీల మీద మోకాలికి మోకాలు తగిలేలా కొందరు, వెనక మెట్టు మీద వేలాడుతూ కొందరు. లోయలో పడిన జీపుల వార్తలు మనకు కొత్త కాదు. జీపు బలమైన బండి అని మా వయసువాళ్ళు చెప్పేది నిజమే. కానీ ఆ బలం యజమానికి, డ్రైవరుకు దక్కింది. వెనక కూర్చున్న ఆడదానికి దక్కిందేమిటో అడగడానికి మన కూటములకు ఎవరూ రాలేదు.

మా చెల్లెలిని కొండమీది చిన్న తోటవాళ్ళకు ఇచ్చాము. 1989 ఐప్పసి వానల్లో ఆమెకు నొప్పులు మొదలయ్యాయి, ఇంకా నెల ఉండగానే. రోడ్డు దాకా వచ్చే తోట దారి బురదలో మునిగి ఉంది. ఆ తోటలో ఉన్నది ఒకే ఒక్క పాత జీపు. డ్రైవరు మన మనిషే, ఇప్పుడు లేడు. కింది గేరు వేసి, బ్రేకు మీదినుంచి కాలు తీసేసి, పట్టుకోండి తల్లీ అని ఒక్క మాట చెప్పి దించాడట. కింద స్టేషన్‌లో మాకు ఫోను వచ్చేసరికి ఆమె ఆసుపత్రి చేరింది. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బతికినారు. వేరే ఏ బండి అయినా ఆ దారిలో వచ్చేది కాదు.

కానీ ఆ రెండు గంటలు ఆమె ఇనుప బెంచీ మీద పక్కకు తిరిగి, అత్త ఒళ్ళో తల పెట్టుకొని, ప్రతి గుంతకూ ఎగిరెగిరి పడింది. ఈనాటికీ నడుము పట్టీ లేకుండా నిలబడలేదు. పోయిన వారం మేము బండి విషయం చెప్పితే నవ్వి, "అన్నా, జీపు మా ప్రాణం కాపాడింది, మా నడుము తీసుకుంది. ముందుకు చూసి కూర్చునే సీటు ఉండాల, పట్టుకోను బెల్టు ఉండాల. ఆ పైన మీ ఇష్టం" అనింది.

ఇప్పుడు విలాసపు బండ్ల కథకు వస్తాము. 1948 ఏప్రిల్ 30న ఆంస్టర్‌డామ్ ప్రదర్శనలో లాండ్ రోవర్ మొదటిసారి కనిపించింది. రోవర్ కంపెనీలోని మారిస్ విల్క్స్ తన పొలంలో యుద్ధం నాటి పాత జీపు వాడుతూ, ఇలాంటిది మనమే చేస్తే పోలేదా అనుకోవడం దాని పుట్టుక. ఇంగ్లండులో అప్పుడు ఉక్కు కరువు, అందుకని రేకులు అల్యూమినియంతో చేశారు. బండి ఇంజనుతోనే పొలంలో యంత్రాలు తిప్పుకోవచ్చు. పూర్తిగా రైతు బండి.

అదే కంపెనీ 1970 జూన్‌లో రేంజ్ రోవర్ తెచ్చింది. ఈ పేరు వింటేనే మన చిన్నవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. కానీ మొదటి రేంజ్ రోవర్‌కు రెండే తలుపులు. లోపల తోలు లేదు, ప్లాస్టిక్ సీట్లు, నీళ్ళ గొట్టంతో కడిగేసుకోవచ్చు. పొలం బూట్లతోనే ఎక్కవచ్చు. పెద్ద మార్పు ఒకటి, పట్టీ స్ప్రింగుల బదులు చుట్ట స్ప్రింగులు వేసి, బురదలో పోయే బండిలో కూడా మనిషి నడుముకు విలువ ఇచ్చారు. దాన్ని పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు కూడా. నాలుగు తలుపులు వచ్చింది 1981లో. తోలు, కట్టె పలకలు, మెత్తని తివాచీ అన్నీ ఆ తర్వాతి కథ. కొనేవాళ్ళు రైతులు కాక పట్నం ధనికులు అయినకొద్దీ బండి కూడా వాళ్ళకు తగినట్టు మారింది. ఈనాటి పెద్ద రేంజ్ రోవర్ 2,300 కిలోలకు పైమాటే. 2008లో మన టాటా వాళ్ళు ఆ కంపెనీని ఫోర్డు దగ్గర కొన్నప్పుడు మేము ఆఫీసులో మిఠాయి పంచుకున్నాము. అది వేరే సంతోషం.

అదే 1970లో జపానులో సుజుకి వాళ్ళు జిమ్నీ అని ఒక చిన్న బండి తెచ్చారు. 359 సీసీ ఇంజను, 25 గుర్రాల శక్తి. మోటారు సైకిలంత ఇంజనుతో నాలుగు చక్రాలూ లాగించారు. మనకు 1985లో మారుతీ జిప్సీగా వచ్చింది ఆ వంశమే, కొంచెం పెద్ద ఇంజనుతో. పోలీసుల దగ్గర, సైన్యం దగ్గర చూసే ఉంటారు. తేలిక బండి గనుక బురదలో దిగబడదు, దిగబడినా నలుగురు ఎత్తి పెట్టవచ్చు. ఒకే ఏడు పుట్టిన రెండు బండ్లలో ఒకటి బరువు పెంచుకుంటూ పోయింది, ఇంకొకటి తేలికగానే ఉండి పని చేసింది. మన తోట దారి వెడల్పు ఎంతో, పక్కన మట్టి కట్ట ఎంత బరువు ఓర్చుకుంటుందో మీకే తెలుసు.

తర్వాత 1994లో సుమో, 1998లో సఫారీ, 2000లో బొలేరో, 2002లో స్కార్పియో వచ్చాయి. వీటితో మనవాళ్ళలో ఒక భ్రమ పుట్టింది, ఎత్తుగా ఉంటే కొండెక్కే బండే అని. రోడ్డు మీద తిరిగే ఈ రకం బండ్లలో ఎక్కువ వాటికి రెండు చక్రాలే లాగుతాయి. కొన్నిటికి నాలుగూ లాగినా కింది గేరు ఉండదు. అమ్మేవాడు ఆ మాట తనంతట చెప్పడు, మనమే అడగాలి. మన బంధువొకాయన కొన్న మెరిసే బండి ఒకటి పోయిన ఏడు వానలకు తోట గేటు దగ్గరే ఆగిపోతే ట్రాక్టరుతో లాగించారు. ఏ బండో చెప్పము, ఆయన ఈ గుంపులోనే ఉన్నారు.

ఇక పాత విలాసపు బండి విషయం. కొనే ధర తక్కువే. కానీ దాని గాలి సస్పెన్షన్ పోతే, కంప్యూటరు మొరాయిస్తే తేనిలో ఎవరు చూస్తారు? చెన్నైకి పంపి నెల రోజులు కాచుకోవాలి. ఆ నెలలో కొండమీద ఎవరికైనా నొప్పులు వస్తే? మా లైను సంగతే చూడండి. గేజ్ మార్పిడి అని 2010 చివర రైలు ఆపారు. మళ్ళీ బోడికి రైలు వచ్చింది 2023 జూన్‌లో. బాగుచేయడానికి ఆపినది తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో మనకన్నా ఎరిగినవాళ్ళు ఎవరు?

అందుకని మా ఓటు రెండు పక్షాలకూ లేదు. బెంచీలు వేసిన జీపు వొద్దు. రేంజ్ రోవర్ వాళ్ళు 1970లో రైతు నడుముకు ఇచ్చిన విలువను మనం ఇప్పుడు తోట పనికి పోయే ఆడదానికి ఇవ్వలేమా? ముందుకు చూసే సీట్లు, ప్రతి సీటుకూ బెల్టు, ముసలివాళ్ళు ఎక్కగలిగే వెనక తలుపులు, ఏసీ కూడా ఉండనివ్వండి, కడుపుతో ఉన్నవాళ్ళకు డీజిల్ పొగ మంచిది కాదు. వీటిని విలాసం అనకండి. తోలు సీటు, అద్దాల కప్పు, గాలి స్ప్రింగులు వొద్దు. నాలుగు చక్రాలూ లాగాలి, కింది గేరు తప్పక ఉండాలి, ఇక్కడి మెకానిక్కు చేయి పెట్టగలగాలి. ఇలాంటివి ఇప్పుడు మన దేశంలోనే రెండు మూడు తయారవుతున్నాయి. మూడు తలుపుల థార్ బలంలో బాగానే ఉంది కానీ వెనక సీటుకు పోవాలంటే ముందు సీటు వంచి దూరాలి, మా చెల్లెలి వల్ల కాదు. అయిదు తలుపులవి చూద్దాము. పెండ్లి బండికి కావాలంటే ఒక రోజుకు బాడుగకు తెచ్చుకోవచ్చు, పూలమాల అడ్డం వేస్తే ఏ బండి అయినా ఒకటే.

వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఒక బండిని కొట్టగుడి దారిలో నడిపి చూడటానికి ఏర్పాటు చేశాము. కోశాధికారి, కార్యదర్శి ఇద్దరూ రావాలి. ముందు సీట్లు మీవి. వెనక మా చెల్లెలు, 1989లో పుట్టిన ఆ పిల్ల కూర్చుంటారు. తిరిగి వచ్చాక వాళ్ళిద్దరినే మొదట అడుగుదాము.