మన బడికి కంప్యూటర్ వచ్చిన కొత్తలో

1984లో కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పాలని 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. తొలి విడతలో దేశం మొత్తం మీద సుమారు 250 బడులకే ఆ అవకాశం. విశాఖలో మన బడికీ దక్కింది. వచ్చినవి ఇంగ్లండుకు చెందిన ఏకార్న్ కంపెనీవారి బీబీసీ మైక్రోలు. బీబీసీ అంటే మాకు రేడియో వార్తలే తెలుసు! మెమొరీ 32 కిలోబైట్లు. ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. సముద్రపు గాలికి పాడవుతాయని కిటికీలు మూసి, చెప్పులు బయట విప్పించి లోపలికి పంపేవారు. వారానికి ఒక్క పీరియడు, కీబోర్డుకు ముగ్గురం.

అసలు చదువు నల్లబల్ల మీదే సాగింది. శిక్షణ పొంది వచ్చిన లెక్కల మాస్టారు గడులు గీసి, ప్రోగ్రాం ఒక్కో వరుసా నడిచేకొద్దీ ఏ గడిలో ఏ అంకె పడుతుందో మాచేత చెప్పించేవారు.

తెలుగు మీడియం వాళ్లకు మాత్రం ప్రవేశం లేదు. తెర మీద అంతా ఇంగ్లీషే కదా, వాళ్లకెందుకన్నారు. నాకు చోటు దొరికింది కనుక అది తప్పని నాకప్పుడు తోచలేదు.

ఒకరోజు మాస్టారు, సున్నా నుంచి పది దాకా లెక్కపెట్టే లూపు ఎన్నిసార్లు తిరుగుతుందని అడిగారు. పది అన్నాం అందరం. "పదకొండు సార్" అని వరండాలోంచి వినబడింది. పోర్టు కళాసీ కొడుకు, తెలుగు మీడియం.

1990లో ఉక్కు ఫ్యాక్టరీ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 'గోదావరి' ఉత్పత్తి మొదలుపెట్టింది. తరవాత కొన్నేళ్లకు నేను అక్కడ కంట్రోల్ రూములో చేరాను. అతను హార్బరులో క్రేన్ ఆపరేటరయ్యాడు. మొన్న పూర్వ విద్యార్థుల సమావేశంలో కలిస్తే, ఆ పదకొండు గుర్తుందా అని అడిగాను.

"ఎందుకు లేదురా? లోపలికి పిలుస్తారేమోనని చెప్పేను" అన్నాడు.