భారత జాతీయ వాతావరణ సూచన: చలికాలం చివరి మంచు, వేసవి తొలి ఉరుముల వానలు

భారత వాతావరణ శాఖ దేశమంతటికీ కలిపి ప్రతిరోజూ వెలువరించే నివేదికలో, ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా, జమ్మూకాశ్మీర్, లద్దాఖ్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ ఎత్తైన ప్రాంతాలకు హిమపాత సూచన, దక్షిణాది, తూర్పు రాష్ట్రాలకు ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులతో కూడిన వానల సూచన తరచు పక్కపక్కనే కనిపిస్తాయి. శాఖ లెక్క ప్రకారం జనవరి, ఫిబ్రవరి నెలలు శీతాకాలం, మార్చి నుంచి మే వరకు రుతుపవనాలకు ముందటి కాలం. అయితే ఇంత పెద్ద దేశంలో ఈ రెండు కాలాలు కొన్ని వారాల పాటు కలగలిసే నడుస్తాయి. పైకి సంబంధం లేనట్లు తోచే మంచును, పిడుగును కలిపే లంకె చాలాసార్లు పడమటి నుంచి వీచే ఎగువ గాలులలో ఉంటుంది.

1875లో కలకత్తా కేంద్రంగా ఏర్పడి, హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ తొలి అధిపతిగా పనిచేసిన ఈ శాఖ, సూచనల కోసం దేశాన్ని 36 వాతావరణ ఉపవిభాగాలుగా చూస్తుంది. యానాంతో కలిసిన కోస్తాంధ్ర, రాయలసీమ, తెలంగాణ వీటిలో మూడు.

హిమాలయాలలో చలికాలపు మంచుకు ప్రధాన కారణం వెస్టర్న్ డిస్టర్బెన్సులుగా ప్రసిద్ధమైన పశ్చిమ అలజడులు. మధ్యధరా సముద్ర ప్రాంతంలో, దానికి చేరువలో పుట్టే ఈ అల్పపీడన వ్యవస్థలు, ఉపోష్ణ మండలం మీదుగా వేగంగా సాగే జెట్ ప్రవాహం వెంట ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌లను దాటి వస్తూ, దారిలో అరేబియా సముద్రపు తేమను కూడా కలుపుకొని, పర్వతాలు అడ్డు తగలగానే పైకి లేచి చల్లబడి మంచు కురిపిస్తాయి. మంచు ఏ ఎత్తు వరకు దిగివస్తుందో తేల్చేది గాలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు. జనవరిలో అది లోయలకు దగ్గరగా ఉండి, మార్చి నాటికి పైకి జరగడం వల్ల, ఒకే అలజడి వల్ల గుల్మార్గ్‌లో మంచు, శ్రీనగర్‌లో వాన, పంజాబ్ మైదానాలలో ఉరుములతో వడగళ్లు పడడం సాధారణం. పైరు ఎదిగే జనవరిలో గోధుమ రైతు కోరుకునే ఈ వానే, పంట కోతకొచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో అతనికి నష్టం తెస్తుంది.

చలికాలం చివర కురిసే మంచులో తేమ పాలు ఎక్కువ, బరువు ఎక్కువ. అప్పటికే పేరుకొన్న పాత పొరపై అది హఠాత్తుగా వచ్చిపడితే, కింది పొర ఆ భారం మోయలేక వాలు వెంట జారిపోతుంది. హిమసంపాతం అనేది ఇదే. దీనిపై ముందస్తు హెచ్చరికలు ఇచ్చే బాధ్యత చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈది. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ సమీపంలోని మాణా వద్ద సరిహద్దు రోడ్ల సంస్థ శిబిరంపై హిమసంపాతం విరుచుకుపడగా 54 మంది కార్మికులు చిక్కుకుపోయారు, వారిలో 8 మంది మరణించారు. చమోలీ జిల్లా ఎత్తైన ప్రాంతాలకు ముందు రోజే హెచ్చరిక ఉంది. సూచన సరిగా ఉండడం, అది చేరవలసిన వారిని వేళకు కదిలించడం వేర్వేరు పనులని ఈ ఘటన చూపింది.

దక్షిణాదిన పరిస్థితి వేరు. మార్చి నాటికి దక్కన్ నేల వేడెక్కి, మధ్యాహ్నానికి నేలను ఆనుకొన్న గాలి తేలికై పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి దానికి తోడై, పైన చల్లని గాలి ఉంటే, క్యుములోనింబస్ మేఘాలు గంటా రెండు గంటల్లోనే పన్నెండు కిలోమీటర్లకు మించి పెరుగుతాయి. ఈ కాలపు తెలుగు వార్తల్లో, విదర్భ నుంచి మరాఠ్వాడా, అంతర్గత కర్ణాటకల మీదుగా సముద్ర మట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తులో ద్రోణి కొనసాగుతోందనే తరహా వాక్యం తరచు వినిపిస్తుంది. ద్రోణి అంటే పొడవుగా సాగిన అల్పపీడన ప్రాంతం. దానికి ఇరువైపులా భిన్న దిశల గాలులు కలుసుకొని, పొడిగాలి, తేమగాలి ఒరుసుకునే చోట మేఘాలు లేస్తాయి. పశ్చిమ అలజడితో ముడిపడిన ఎగువ ద్రోణి ఒక్కోసారి మధ్య భారతం దాకా దిగివచ్చి, తన చల్లగాలిని ఈ వేడి నేలపైకి తెస్తే వడగళ్ల వాన పడే అవకాశం పెరుగుతుంది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో వడగళ్లు నేలను తెల్లగా కప్పేస్తే అది కాశ్మీర్‌లా ఉందని జనం ఫొటోలు పంచుకొన్నారు. కానీ నీటి ఆవిరి నేరుగా స్ఫటికాలై పెరిగి మెల్లగా రాలేది మంచు. బలమైన ఊర్ధ్వ గాలులు మేఘంలోని అతిశీతల నీటి బిందువులను పైపైకి ఎగరేస్తుంటే పొర మీద పొరగా గడ్డకట్టి, మోయలేని బరువు కాగానే పడేది వడగల్లు.

బెంగాల్‌లో కాలబైశాఖి అనే ఇదే కోవ ఉరుముల గాలివానలు ఛోటానాగ్‌పుర్ పీఠభూమిపై పుట్టి తూర్పుకు దూసుకుపోతాయి. అస్సాంలో వీటిని బర్దైసిలా అంటారు.

సూచన ఇచ్చేవారికి మంచు, ఉరుముల వానల కష్టం ఒకటి కాదు. వేల కిలోమీటర్లు ప్రయాణించే పశ్చిమ అలజడిని కంప్యూటర్ నమూనాలు నాలుగైదు రోజుల ముందే పట్టుకోగలవు. ఉరుముల మేఘం అడ్డుకొలత కొన్ని కిలోమీటర్లే, విడి మేఘం ఆయుష్షు గంట లోపే కాబట్టి, ముందు రోజు చెప్పగలిగేది ఏ జిల్లాల్లో అనువైన పరిస్థితి ఉందో అంతవరకే; ఏ మండలం అన్నది డాప్లర్ రాడార్లు, ఇన్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు చూసి, మూడు గంటల వ్యవధికి ఇచ్చే తక్షణ సూచనలో తేలుతుంది. అందుకే నివేదిక భాష కొలిచి వాడిన భాష: ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ఉపవిభాగంలోని వర్షమాపక కేంద్రాలలో నాలుగో వంతుకు మించకుండా వాన పడవచ్చని అర్థం. మన ఊళ్లో చినుకు రాలనంత మాత్రాన సూచన తప్పినట్లు కాదు. పసుపు, నారింజ, ఎరుపు రంగులు కూడా వాన పరిమాణానికి మాత్రమే గుర్తులు కావు. ముప్పు ఏర్పడే అవకాశాన్ని, దాని ప్రభావాన్ని కలిపి చూసి, గమనిస్తూ ఉండాలా, సిద్ధం కావాలా, వెంటనే చర్య తీసుకోవాలా అన్నది అవి చెబుతాయి.

పిడుగుల విషయంలో ఈ తక్షణ సూచన విలువ మరీ ఎక్కువ. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ అధికారులు ప్రకటించారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన దామిని యాప్ సమీపంలోని పిడుగుల ముప్పును ఫోన్‌లోనే తెలుపుతుంది. కల్లాల్లో మిర్చి ఆరబోసిన రైతుకూ, మామిడి తోటలో చెట్టు కింద తలదాచుకోబోయే కూలీకీ దాటిపోవడానికి దొరికే వ్యవధి మాత్రం అరగంట, ముప్పావుగంటే.