కుళాయి నీరు, క్యాను నీరు: అనకాపల్లిలో తాగునీటి నమ్మకంపై ఒక పరిశీలన

అనకాపల్లి పట్టణంలో చాలా వంటిళ్లలో నీళ్లు రెండు రకాలు. వంటకి, గిన్నెలకి, స్నానానికి కుళాయి నీళ్లు. తాగడానికి ఆర్వో ప్లాంటు నుంచి తెచ్చుకునే ఇరవై లీటర్ల ‘మినరల్ వాటర్’ క్యాను. ఇలా కుళాయిని నమ్మకపోవడాన్ని అవగాహన లోపం కింద జమకట్టడం అధికారులకూ, కొంతవరకు పరిశోధకులకూ అలవాటైపోయింది. ఈ వ్యాసం ఆ వాదనను అంగీకరించదు. జనం తమ దగ్గరున్న ఆధారాలతో సబబైన నిర్ణయమే తీసుకుంటున్నారు. వాళ్లకు అందనిదల్లా గడప దగ్గరి నీరు ఎలా ఉందో చెప్పే ఆధారం.

ఇల్లాలు నీటిని పరీక్షించే తీరు చూద్దాం. ఉప్పు బోరు నీళ్లలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. కాచిన గిన్నె అంచున తెల్లటి పొర కడుతుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువని ఈ రెండు గుర్తులూ నిక్కచ్చిగా చెబుతాయి. అయితే విరేచనాలు తెచ్చే సూక్ష్మక్రిములు పప్పు ఉడకడాన్ని ఆపవు, నాలుకకూ తెలియవు. పైగా ఆ క్రిములను అదుపులో ఉంచే క్లోరిన్ వాసన తగలగానే ‘బ్లీచింగ్ కంపు’ అని బిందె పక్కన పెట్టేస్తారు. తాగునీటి జాతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రక్షణకు గుర్తైన ఆ వాసనే జనానికి లోపంలా తోస్తోంది.

అపనమ్మకానికి జ్ఞాపకాలు కూడా కారణం. 2018 మార్చిలో గుంటూరులో కలుషిత కుళాయి నీరు ప్రాణాలు తీసింది. 2024 అక్టోబరులో పొరుగునే ఉన్న విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది. శుద్ధి కేంద్రంలో మంచిగా ఉన్న నీరు వీధి చివరికి వచ్చేసరికి ఎలా చెడుతుందో తెలుసుకుంటే ఈ భయం ఎంత సహేతుకమో అర్థమవుతుంది. రోజుకు గంటో రెండు గంటలో నీరు వదిలి ఆపేస్తే మిగతా సమయంలో పైపులో ఒత్తిడి ఉండదు. మురుగుకాలువ పక్కన పైపుకు పగులుంటే మురికి లోపలికి చేరుతుంది. నీరు సన్నగా వస్తోందని ఎవరైనా పైపుకే మోటారు బిగిస్తే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. కాబట్టి శుద్ధి కేంద్రం దగ్గర తీసిన నమూనా ఎంత బాగున్నా ఆఖరి ఇంటివారికి దానితో భరోసా కలగదు.

దీనికి పాలనాపరమైన నేపథ్యం కూడా ఉంది. 2013లో అనకాపల్లి మున్సిపాలిటీ మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. 2022 ఏప్రిల్ 4న పట్టణం జిల్లా కేంద్రమైంది. ఈ జిల్లాలోనే శారదా నది మీదున్న రైవాడ జలాశయం నుంచి నీరు విశాఖకు వెళుతోంది. ఆ నీరు సాగుకే దక్కాలని ఆయకట్టు రైతులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ కోరికలో న్యాయముంది. తమ నేల మీది నీటిపై తమ మాట చెల్లనప్పుడు, ఆ నీటిని పంచే వ్యవస్థ మీద గురి కుదరడం కష్టం.

మరి క్యాను నీటికి ఉన్న ఆధారం ఏమిటి? తియ్యదనం, అంతే. ప్లాంటులోని కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను పీల్చేస్తుంది. ఆపై ఆర్వో పొర లవణాలను తీసేస్తుంది. ఆ తర్వాత నీటికి కాపలా ఉండదు. సరిగా కడగని క్యానులో పట్టి, ఎండలో ఆటో మీద తిప్పి, ఇంట్లో నాలుగు రోజులు ఉంచితే క్రిములు పెరిగే వీలుంది. లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపున్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో ఆదేశించింది. నది నీటిలో లవణాలు సాధారణంగా ఆ హద్దుకు లోపే ఉంటాయి. అంటే కుళాయికి నది నీరే వచ్చే ఇళ్లు లేని జబ్బుకు మందు కొనుక్కుంటున్నాయి.

కుళాయిని నమ్మని ఈ ధోరణి అమెరికాలోని లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) కుటుంబాల్లోనూ ఉంది. వాళ్లు శ్వేతజాతీయుల కంటే కుళాయి నీరు తక్కువగా తాగుతారని, సీసా నీటి వైపు మొగ్గుతారని అక్కడి అధ్యయనాలు చూపాయి. సొంత దేశంలోని అనుభవం వలసతో పాటే వెళుతుంది. 2014లో అక్కడి ఫ్లింట్ నగరం నీటి వనరును మార్చాక కుళాయిల్లో సీసం బయటపడిన ఉదంతం ఆ అనుమానానికి బలమిచ్చింది. కుళాయిని నమ్మనివారు చల్లని తీపి పానీయాలకు అలవాటు పడటం, నీటి ఖర్చు పేద కుటుంబాలపై ఎక్కువగా పడటం అనకాపల్లి పరిశోధకులు కూడా పట్టించుకోవలసిన అంశాలు.

ఇంటి బయట పనిచేసేవారి పరిస్థితి ఇంకా ఆందోళనకరం. చెరకు నరికేవారు, బెల్లం పెనాల ముందు నిలబడేవారు చెమట రూపంలో గంటకు లీటరు దాకా నీరు కోల్పోగలరు. ఇంటి క్యాను పొలానికి రాదు. అక్కడి బోరు నీటిపై నమ్మకం లేకపోతే దాహాన్ని అణుచుకుంటారు. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో యువ కూలీల మూత్రపిండాలు దెబ్బతినడానికి ఎండలో పని, నీరు చాలకపోవడం ముఖ్య కారణాలని పరిశోధకులు భావిస్తున్నారు. అందుకే అక్కడ నీరు, విశ్రాంతి, నీడ కల్పించే కార్యక్రమాలు మొదలయ్యాయి. మన రాష్ట్రంలోని ఉద్దానం ప్రాంతపు మూత్రపిండాల వ్యాధికి కారణం ఇంకా తేలలేదు. అయినా వేడి, దాహం అక్కడా అధ్యయనంలో ఉన్నాయి. ఉపాధి హామీ పనుల దగ్గర తాగునీరు ఉండాలని చట్టం చెబుతోంది. చిన్న బెల్లం తయారీ కేంద్రాలకు కూడా అలాంటి నియమం అవసరం.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు పరీక్ష కిట్ల వాడకం నేర్పాలన్నది నియమం. హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలో నీరు పోసి ఒకట్రెండు రోజులు ఉంచితే, మలకాలుష్యం ఉన్నప్పుడు అది నల్లబడుతుంది. చదువు రాకపోయినా ఆ రంగు కనబడుతుంది. ఈ పరీక్షను పట్టణ వార్డులకూ తేవాలి. శుద్ధి కేంద్రం దగ్గర కాక, వీధిలో ఆఖరి కుళాయి దగ్గర ఇరుగుపొరుగు చూస్తుండగా చేయాలి. క్యాను నీటినీ అదే సీసాలో పోసి చూడాలి. వాటితో పాటు అదే వీధి నుంచి పొలానికి వెళ్లే కూలీల మూత్ర సాంద్రతను పనికి ముందూ తర్వాతా కొలిస్తే, కుళాయి మీది అపనమ్మకం వాళ్ల ఒంట్లో ఎంత నీటి కొరతగా మారుతోందో లెక్క తేలుతుంది.