పొత్తం, పొత

మాది వేటపాలెం. నాన్న మగ్గం నేసేవారు. 1918లో మొదలైన మా సారస్వత నికేతనం గ్రంథాలయంలో కూర్చుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లు దాన్నే బడిపిల్లలకు చెప్పి రిటైరయ్యాను. ఆ తర్వాత శ్రీలంకలో, క్యాండీ దగ్గర ఒక పిరివెనలో, అంటే భిక్షువుల బడిలో, జీతం లేకుండా మూడు నెలలు ఇంగ్లీషు చెప్పాను.

మొదటిరోజే నా పంతులుతనం ఒక మెట్టు దిగింది. పదేళ్ల పిల్లాడైనా సరే, కాషాయం కట్టాక పంతులుకు దణ్ణం పెట్టడు. పంతులే పెట్టాలి. 'పొడి హాముదురువో' అని మన్ననగా పిలవాలి. నల్లబల్ల మీద 'బుక్' అని రాశాను. 'పొత' అన్నాడో చిన్న భిక్షువు. తెలుగులో పాతమాట 'పొత్తం' అన్నాను. తరగతంతా ఒకటే నవ్వు.

ఆ ఆదివారం పెద్ద భిక్షువు నన్ను గడలదెణియ విహారానికి తీసుకెళ్లి, బండమీద చెక్కిన 1344 నాటి శాసనం చదివి వినిపించారు. అందులో ధాన్యకటకం పేరు వినగానే ఒళ్లు జలదరించింది. అక్కడి రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని ధర్మకీర్తి స్థవిరుడు బాగుచేయించాడట. ధాన్యకటకమంటే మన అమరావతే! కాకతీయ రాజ్యం కూలి అప్పటికి 21 ఏళ్లు. మన దగ్గర బౌద్ధం ఎప్పుడో అడుగంటిందని నేను పిల్లలకు చెబుతూ వచ్చిన కాలంలో, సముద్రం అవతలి భిక్షువు మన గుడికి మరమ్మతు చేయించాడు.

ఇంకా వెనక్కి వెళ్తే లెక్క మరింత తిరగబడుతుంది. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, బోధిశ్రీ అనే ఉపాసిక నాగార్జునకొండలో చైత్యగృహం కట్టించింది. ఎవరికోసం? తామ్రపర్ణి, అంటే లంక, ఆచార్యుల కోసం. కాశ్మీరం, గాంధారం, చీనా దాకా జనానికి ధర్మం అందించినవారని వాళ్లను ఆమె శాసనం పొగిడింది. అక్కడే సింహళ విహారం కూడా ఉండేది. అంటే పంతుళ్లు అటునుంచి మనకు వచ్చారు.

5వ శతాబ్దపు బుద్ధఘోషుడు మా గుంటూరు సీమవాడేనని వాదించే చరిత్రకారులున్నారు. ఆయన లంకకు వెళ్లి మొదట చేసింది చదువుకోవడమే. అనురాధపుర మహావిహారంలో సింహళ వ్యాఖ్యలు చదివి, వాటిని పాళీలోకి తెచ్చాడు.

మా ఊరికి దగ్గర్లోనే ఒకప్పుడు మోటుపల్లి రేవు ఉండేది. ఓడ వర్తకులకు అభయమిస్తూ కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో అక్కడ శాసనం వేయించాడు. సరుకు సంగతి రాజులు రాయించారు. చదువు సంగతి ఒక ఉపాసిక, ఒక భిక్షువు రాతికెక్కించారు.

ఊరికి తిరిగొచ్చాక, "లంకలో భిక్షువులకే పాఠాలు చెప్పొచ్చారంటగా మాస్టారూ!" అని పలకరిస్తుంటారు. చెప్పిన మాట నిజమే. కానీ అది పాత బాకీ. నా మూడు నెలల ఇంగ్లీషు దాని వడ్డీకైనా చాలదు.